మూరెడు అక్షరం

హక్కులోంచి ఒత్తు ఊడిపోయిందని నన్ను పిలిచారు.

మాదాపూర్ వైపు ఒక గ్యాలరీ. హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఉండే చిత్రకారులు పది పన్నెండు మంది కలిసి బొమ్మలు పెడుతున్నారు. బోనమెత్తిన ఆడవాళ్లు, తాటిచెట్ల వెనక పొద్దుగూకడాలు కావు. భూములు పోయినవాళ్లు, మూసీ, రోడ్లూడ్చేవాళ్లు, చెట్లు కొట్టేసిన జాగాలు, అట్లాంటివి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యే గోడ మీద ఎగ్జిబిషన్ పేరు, దాని కింద ఏడు వరసల పరిచయం ఉండాలని స్టిక్కర్ కోయించారు. స్టిక్కర్ వచ్చింది. అందులో హక్కు ‘హక్‌కు’ అయింది. ఉద్యమం ‘ఉద్‌యమం’ అయింది. నిర్వాసితులు అక్కడ కూడా రెండు ముక్కలయ్యారు. మర్నాడు సాయంత్రమే ప్రారంభం. మళ్లీ కోయించే వ్యవధి లేదు.

“అంకుల్, మీరింకా గోడలు రాస్తున్నారా?” అని ఫోన్‌లో ఒక అమ్మాయి అడిగింది. ఎగ్జిబిషన్ బాధ్యతంతా ఆమెదేనట. క్యూరేటర్ అంటారట.

“గోడలు ఏడున్నయమ్మా? బడి గోడల మీద ఎక్కాలు, ఆటోల ఎనక పేర్లు రాస్తున్న” అన్నాను.

స్టిక్కర్ రోగం నాకు కొత్త కాదు. మా పెద్దోడికి ఫ్లెక్సీ షాపుంది. అను ఫాంట్లలో కూర్చున్నంతకాలం తెలుగుకు ఏ బాధా లేదు. ఇప్పుడు అందరూ ఫోన్‌లో కొట్టిన తెలుగును వాట్సాప్‌లో పంపిస్తారు. దాన్ని తీసుకెళ్లి డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే, అందులో మన భాషల కోసం ఉన్న సెట్టింగు మార్చకపోతే, ఒత్తులన్నీ కిందినుంచి లేచొచ్చి పక్కన నిలబడతాయి, పైన పొల్లులు మొలుస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. మా ఉస్తాద్‌కు కూడా తెలుగు చదవడం అంతంత మాత్రమే. కానీ ఒత్తు ఊడితే ఆయన కంటికి చెవిపోగు ఊడినంత తేడా తెలిసేది.

రాత్రి తొమ్మిదింటికి బ్రష్షుల సంచి భుజాన వేసుకుని వెళ్లాను. ఆ గోడను చూసి ముచ్చటేసింది. నలభై ఏళ్లలో నేనెక్కిన గోడలు వేరు. పెచ్చులూడినవి, పిడకలు కొట్టినవి, ఉచ్చ వాసన కొట్టేవి, పైనుంచి గాజుపెంకులు చెయ్యి కోసేవి. ఇది లప్పం పెట్టి, ఎమరీ కొట్టి, తెల్లటి ఎమల్షన్ వేసిన గోడ. చెయ్యి వేస్తే జారుతుంది. ఏసీ నడుస్తోంది, పైనుంచి లైట్లు, నిచ్చెన కూడా వాళ్లదే. ఇంత సుఖంగా ‘ఉద్యమం’ అనే మాట నేనెప్పుడూ రాయలేదు.

అక్షరం ఎంత ఎత్తుండాలి అని అడిగాను. స్టిక్కర్‌లో ఎంతుందో అంతే అంది అమ్మాయి. కొలిచి చూస్తే మూడంగుళాలు.

“చదివేటోళ్లు ఎంత దూరంల నిలబడతరమ్మా?”

ఆమె ఆ గోడనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదట.

వరంగల్‌లో మా ఉస్తాద్ నాకు మొదటి రోజు చెప్పిన మాటే అది. 1984, నాకు పదిహేనేళ్లు. ఆయనకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు రాతలూ చేతిలో ఉండేవి. రాసే ముందు గోడను కాదు, గోడ ముందు నడిచే కాళ్లను చూడమనేవాడు. నిలబడి చదివేవాడికి బెత్తెడు, నడుచుకుంటూ చదివేవాడికి జానెడు, బస్సులో పోయేవాడికి మూరెడు. అంతే ఆయన శాస్త్రం. బస్సులో పోయేవాడికి బెత్తెడు అక్షరం రాస్తే వాడు చదవడు. నిలబడ్డవాడికి మూరెడు రాస్తే తిట్టినట్టుంటుంది. ఈ లెక్క నేను ఎన్నడూ తప్పలేదు, తప్పినచోట మళ్లీ రాసిచ్చాను.

గ్యాలరీలో అందరూ నిలబడతారు కాబట్టి పరిచయానికి బెత్తెడు సరిపోతుంది. పేరు మాత్రం మూరెడు రాస్తానన్నాను. వాకిలి అద్దాల తలుపు, బయట రోడ్డు. అడ్డం ఏమీ లేదు. రోడ్డు మీద బండాపినవాడు కూడా చదువుకోవాలి కదా. అమ్మాయి కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. డిజైన్ మారిపోతుందేమోనని ఎవరికో ఫోన్ చేసింది కూడా.

నూలుదారానికి నీలిమందు పొడి పట్టించి, ఆ చివర ఆమెను పట్టుకోమని, ఈ చివర నేను బిగించి, నడుమ లాగి వదిలాను. టప్ మని గోడ మీద నీలం గీత పడింది. ఆమె చిన్నపిల్లలా నవ్వి, ఇంకోటి నేను కొడతానంది. వరసకు నాలుగు గీతలు కావాలి. హిందీ అక్షరాలకు పైన ఒక కర్ర ఉంటుంది, దానికి బట్టలు ఆరేసినట్టు వేలాడదీస్తే నిలబడతాయి. మన అక్షరాలకు ఆ ఆసరా లేదు. గుండ్రాళ్లలాగ ఎటు పడితే అటు దొర్లుతాయి. పైన తలకట్టుకు ఒక గీత, గుడికి ఇంకో గీత, అక్షరం కూర్చునే గీత ఒకటి, కింద ఒత్తులకు మరొకటి. ఒత్తుకు జాగా వదలని పెయింటరు చివరికి కింది వరస నెత్తిన గుచ్చుతాడు.

హక్కు దగ్గర చెయ్యి కాస్త ఆగింది. హ గుండ్రంగా, వెడల్పుగా వస్తుంది. క సన్నం. కొమ్ము బయటికి తన్నుకొస్తుంది, దాని కింద క ఒత్తు. క ఒత్తంటే వేరే ఏమీ కాదు, తలకట్టు తీసేసిన క. పై క ఎంత లావో ఇది అందులో సగం ఉండాలి, కానీ గీత మందం తగ్గకూడదు, తగ్గితే దూరంనుంచి అరిగిపోయినట్టుంటుంది. సందులు కొలబద్దతో కొలిస్తే కుదరవు. మ, య చోటు తింటాయి, ర తినదు. కన్ను సగం మూసి చూస్తే వరసంతా ఒకే బూడిదరంగు మచ్చలా కనబడాలి. ఎక్కడ తెల్లగా తేలితే అక్కడ సందు ఎక్కువైనట్టు.

గోడ రాత ఎప్పుడూ జోడీ పని. ఒకరు అవుట్‌లైన్ కొడుతూ ముందుకు పోతారు, ఇంకొకరు వెనక నింపుకుంటూ వస్తారు. నా జోడీ ముప్పై ఏళ్లు నా వెనక నింపినవాడే, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. రాత్రి డ్యూటీ వదిలి రాలేనన్నాడు. దాంతో ఆ అమ్మాయే బ్రష్షు పట్టింది. రెండు చోట్ల అంచు దాటింది. తెల్లవారుజామున మూడింటికి పని తెమిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను ఉద్యమకారుణ్ని కాను. డబ్బిచ్చిన ప్రతివాడికీ రాశాను. 1984 డిసెంబరులో లోక్‌సభ, 1985 మార్చిలో అసెంబ్లీ, మూడు నెలలు చేతులకు సున్నం పొక్కులు. ఒకే ప్రహరీకి ఈ చివర ఒక పార్టీ, ఆ చివర దాని ఎదుటి పార్టీ రాసి, నడుమ నిమ్మచెట్టు కింద కూర్చుని సద్ది తిన్నాం. గోడలను ముందే ఆపుకునేవారు. ఫలానా పార్టీకి రిజర్వు అని మూలన రాసి తేదీ వేస్తే, దాన్ని ఇంకోడు ముట్టుకుంటే తలలు పగిలేవి. తర్వాత శేషన్ ఎన్నికల కమిషనర్‌గా వచ్చి మా చేతులు కట్టేశాడు. 1997లో గోడలు పాడుచేయకూడదని రాష్ట్రం చట్టం తెచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఫ్లెక్సీ వచ్చి, మిగిలిన పని అది చేసింది. ఈ ముగ్గుర్లో నేను శేషన్‌ను ఒక్కణ్నే క్షమించాను. ఆయన అందరినీ ఆపాడు.

డబ్బులు తీసుకోకుండా రాసిన గోడలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి 1993 వానాకాలంలో, మా జిల్లాలోనే ఒక ఊళ్లో. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా పోరు అప్పటికి ఊరూరా అంటుకుంది. ఆ ఊరి ఆడవాళ్లు సున్నం వాళ్లే తెచ్చారు, జొన్నరొట్టెలు వాళ్లే పెట్టారు, సారా దుకాణం పక్క గోడ మీద దుకాణం ఎత్తెయ్యాలని రాయమన్నారు. రాశాం. ఎర్ర ఆక్సైడ్ పొడి, తుమ్మజిగురు, మూరెడు అక్షరాలు. మూడో రోజు మమ్మల్ని ఠాణాకు పిలిచారు. కొట్టలేదు. రాత్రంతా బల్ల మీద కూర్చోబెట్టి, పొద్దున్నే తీసుకెళ్లి మా రాత మీద మాచేతే సున్నం కొట్టించారు.

సున్నం సంగతి ఆ పోలీసాయనకు తెలియదు. గడ్డ సున్నం నానబెట్టి, వడగట్టి, గుప్పెడు ఉప్పు వేసి కొడితే, ఆరినాక తెల్లగా కప్పేస్తుంది. తడిస్తే మాత్రం అద్దమైపోతుంది. ఆ సాయంత్రమే వాన పడింది. గోడ తడిసింది, ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. మర్నాడు ఎండకు మాయమయ్యాయి. మళ్లీ వాన, మళ్లీ ఎత్తెయ్యాలి. ఆ ఊరి ఆడవాళ్లకు అది దేవుడి మహిమలా కనిపించిందట, పోలీసాయనకు మా మోసంలా కనిపించింది. మహిమా లేదు, మోసమూ లేదు, ఒకటే కోటు కొట్టించాడు. ఆ అక్టోబరు 1నుంచి సర్కారు సారా ఆపేసింది. మా గోడ వల్ల అని నేననను.

ప్రారంభం రోజు సాయంత్రం నా జోడీని తీసుకుని చూడ్డానికి వెళ్లాను. వాడు డ్యూటీ బట్టలు మార్చుకుని, ఇస్త్రీ అంగీ వేసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి మొదట నా రాతే చూశాడు. పక్కకెళ్లి ఏటవాలుగా చూశాడు. “ఫిల్లింగ్ ఎవలు చేసిండ్రు? యాడికాడ పొంగింది” అన్నాడు. వెనకే ఉన్న అమ్మాయి, “నేనే అంకుల్” అంది. వాడు నాలుక కరుచుకుని, “మంచిగనే ఉంది బిడ్డా, మొదటిసారికి” అన్నాడు.

ప్రసంగాలు ఇంగ్లీషులో జరుగుతుంటే మేమిద్దరం బొమ్మలు చూసుకుంటూ పోయాం. బొమ్మలను చూసే చదువు నాకు లేదు. నాకున్న కొలత ఒక్కటే: వేసినవాడు ఎవరిని, ఎంత దూరంలో నిలబెట్టుకుని వేశాడు?

ఆ కొలతకు అన్నిటికన్నా బాగా నిలబడ్డవి చిన్నవే. కంచ గచ్చిబౌలి మీద లినోకట్లు, కాగితం సైజువి ఇరవై. 2025 మార్చి చివర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా జరిగిందంతా అందులో ఉంది. నెమలి, జింక, కూలిన కొమ్మ, లైట్లేసుకున్న బుల్డోజరు. నలుపు తెలుపే. లినోలియం ముక్కను చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తితే ఎన్నంటే అన్ని ప్రతులు వస్తాయి. చెక్కేటప్పుడు చెయ్యి జారితే దిద్దుకోవడానికి లేదు, మా రాత లాగే. ఇవి గోడకు పెట్టేవి కావు, చేతికి ఇచ్చేవి. బెత్తెడు దూరంలో చూడాల్సినవి. గోడకు వరసగా మేకులు కొట్టినా ఆ గుణం పోలేదు, నేను దగ్గరికి వంగే చూశాను.

పక్కన బల్ల మీద చిత్తప్రసాద్ గురించి ఒక కాగితం పెట్టారు. ఆ లినోకట్లు చేసిన కుర్రాడికి ఆయనంటే గురి అట. 1943 బెంగాల్ కరువులో మేదినీపూర్ జిల్లాలో తిరిగి, కళ్లతో చూసిన వాళ్లను సిరాతో గీసుకొచ్చి ‘హంగ్రీ బెంగాల్’ అని చిన్న పుస్తకం తెచ్చాడు. తెల్లదొరలు 5,000 ప్రతులూ పట్టుకుని తగలబెట్టారు. ఇంట్లోవాళ్లు దాచిన ఒక్క ప్రతి మిగిలింది. మా వాడికి అది చదివి వినిపించాను. “మనది నయం, సున్నమేసి ఇడిసిపెట్టిండ్రు” అన్నాడు.

రోడ్లూడ్చే ఆడవాళ్ల బొమ్మలు పెద్దవి. డ్రమ్ము రేకును సాపు చేసి దాని మీద వేశారు. మా ఎనామిలే. బ్రష్షు ఆపినచోట గీత అంచు కాస్త లేచి ఉంటుంది, అది చూసి గుర్తుపట్టాను. రేకుకు ప్రైమర్ వేయలేదు, రెండేళ్లలో తుప్పు పొంగుతుంది. పొంగాలనే వేశాడేమో, అడగలేదు. కింద కాగితం మీద ధర చూసి రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకున్నాను. ఈర్ష్య పడ్డానా అంటే పడ్డాను. కానీ ఆ ముఖాల్లో ఒకటి, ముక్కుకు కొంగు కట్టుకుని చీపురు ఆనించి నిలబడ్డది, నేను మా గల్లీలో రోజూ పొద్దున్నే చూసే మనిషిలాగే ఉంది. ఆమెను నేను రోజూ జానెడు అక్షరంలా, నడుస్తూ చదివి దాటిపోయేవాణ్ని. ఇక్కడ నిలబడాల్సొచ్చింది.

లోపలి గదిలో పత్తి కుప్ప పోసి, దాని మీద బ్యాంకు నోటీసులు చల్లారు. పక్కన లేబుల్ ఇంగ్లీషులో, చీమతలంత అక్షరాల్లో ఉంది. నాకు ఇందులో బొమ్మ ఏదో అర్థం కాలేదు. నా జోడీకి అయింది. వాడికి ఊళ్లో రెండెకరాలు, పత్తి వేసి వేసి అమ్ముకున్నాడు. కుప్ప దగ్గర కూర్చుని గుప్పెడు తీసి, వేళ్లతో విప్పి చూశాడు. ముట్టుకోవద్దని బోర్డు ఉంది, వాడు చూడలేదు.

“ఇది పత్తి కాదురా. దూది. పరుపుల షాపుది” అన్నాడు.

నిజమే. గింజ లేదు. ఆ కుప్ప పెట్టిన యువకుడు అక్కడే ఉన్నాడు, వచ్చాడు. కసురుకుంటాడేమో అనుకున్నాను. “ఏం తేడా ఉంటది పెద్దనాయనా?” అని పక్కన కూర్చున్నాడు. మా వాడు మొదలుపెట్టాడు. పత్తి అంటే గింజతో ఉంటది. గింజ బరువుకే పైస. జిన్నింగ్ మిల్లుకు పోయొస్తే దూది, అది మిల్లోనిది, రైతుది కాదు. నష్టపోయిన పత్తి ఇంత తెల్లగ ఉండదు. కాయ పగిలినంక వాన వడితే నల్లమచ్చలొస్తయి, పచ్చవడతది, ఏరినోళ్ల కూలి కూడా ఎల్లదు. “గింత తెల్లది పెట్టి మునిగిన్నంటే ఎట్ల నమ్ముతరు?” ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. తర్వాత ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు, మా వాడి ఊరి పేరు అడిగాడు. ముప్పై ఏళ్లు నా వెనక రంగు నింపినవాడు ఆ సాయంత్రం నాకు కొత్తగా కనిపించాడు.

ఒక మూల కార్టూనిస్ట్ మోహన్ వేసిన పాత పోస్టర్ ఒకటి ఎవరో దాచుకున్నది ఫ్రేములో పెట్టారు. మోహన్ 2017లో పోయారు. నేనాయన్ను ఎప్పుడూ కలవలేదు, కానీ ఆ గీత నా చేతికి తెలుసు. ఏ సంఘంవాళ్లు అడిగినా బొమ్మ వేసిచ్చేవారని చెప్పుకునేవాళ్లు. ఆ బొమ్మ అరచేతంత కరపత్రం మీద మా దగ్గరికి వచ్చేది, బ్యానర్ బట్ట మీదికి పెద్దది చేయాలి. కరపత్రం మీద పెన్సిల్‌తో గళ్లు కొట్టి, బట్ట మీద అన్నే పెద్ద గళ్లు కొట్టి, గడికి గడి ఎక్కించేవాళ్లం. వేరేవాళ్ల బొమ్మలు పెద్దవి చేస్తే కాళ్లూ చేతులూ సాగి, గీత పల్చబడేది. మోహన్ బొమ్మ ఎంత పెంచినా చెదిరేది కాదు. అరచేతంత కాగితం మీద వేసేటప్పుడే ఆ మనిషి దాన్ని రోడ్డు మీద, ఊరేగింపు ముందు, ఇద్దరు మోస్తున్నట్టు చూసుకుని వేసేవాడని నా నమ్మకం. ఇప్పుడు అద్దం వెనక, స్పాట్‌లైటు కింద, తేమ తగలకుండా ఉంది. మంచిదే, ఉండాలి. అయినా అద్దంలో నా ముఖం అడ్డమొచ్చి బొమ్మ సరిగా కనబడలేదు.

ఫ్లెక్సీని తిట్టుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటుకు ఒకచోట దెబ్బ తగిలింది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్‌నుంచి వెళ్లగొట్టిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆవరణలో ఆరుబయట వెలివాడ వేసుకున్నారు. రోహిత్ వేముల అందులో ఒకరు. దాని ఫొటో ఒకటి గోడంతా ఉంది. అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలున్న ఫ్లెక్సీలే దానికి గోడలు. చలికి అడ్డం కూడా అవే అయి ఉంటాయి. మా అబ్బాయి షాపులో గంటలో దిగే సరుకు అది. నేను రాసిన ఏ గోడా ఎవరికీ ఇల్లు కాలేదు.

బయట టీ తాగుతుంటే క్యూరేటరమ్మాయి వచ్చింది. “ఇవన్నీ రోడ్డు మీద ఉండాల్సినవి కదా అంకుల్, ఇక్కడ పెట్టి తప్పు చేస్తున్నామా?” అంది. ఆమెను అప్పటికే ఎవరో ఆ మాటతో పొడిచినట్టున్నారు. తప్పేమీ లేదన్నాను. గోడ మీద పెడితే కార్పొరేషన్ వాళ్లు మర్నాడే రంగేస్తారు. ధర్నా చౌక్‌లో పెడితే పోలీసులూ పేపరువాళ్లూ చూస్తారు. గన్ పార్కు స్థూపం చూడమన్నాను. 1969లో చనిపోయిన పిల్లల కోసం ఎక్కా యాదగిరిరావు చేసింది. అసెంబ్లీ పక్క రోడ్డు, బస్సులో పోయేవాడు కూడా తల తిప్పుతాడు. ఒక్క అక్షరం చదవనక్కర లేదు. అది మూరెడు బొమ్మ. మీ లినోకట్లు బెత్తెడు. రెండూ కావాలి. బెత్తెడు దాన్ని తీసుకెళ్లి బస్టాండు మీద కట్టి ఎవరూ చూడలేదని ఏడవొద్దు, అంతే. మరి ఇంగ్లీషు లేబుళ్ల మాటేమిటని నేనే అడిగాను. తెలుగువి కూడా చేయించామనీ, అవీ స్టిక్కర్లతోపాటే చెడిపోయాయనీ చెప్పింది. అట్లయితే రేపొచ్చి రాసిస్తానన్నాను. రెండు రోజులు కూర్చుని నలభై అట్టముక్కలు రాశాను, జీరో నంబర్ బ్రష్షుతో, కళ్లద్దాలు పెట్టుకుని. దానికి డబ్బులు వేరే.

నా పేరు కూడా ఒక అట్టమీద రాసి గోడ పక్కన పెడదామంది. వద్దన్నాను. వినయం కాదు. దుకాణాల బోర్డుల కింద ‘ఆర్ట్స్’ అని పేరూ ఫోన్ నంబరూ మేమూ వేసేవాళ్లం. రాజకీయాల గోడకు ఎవరూ వేయరు, వేస్తే ఠాణాకు దారి చూపించినట్టే. ఆ భయం చేతిలో ఉండిపోయింది. తర్వాత ఆమె నన్ను అడగకుండానే పెట్టింది. ‘గోడ రాత’ అని నా పేరు, ‘రంగు నింపింది’ అని ఆమె పేరు. మా జోడీ అది చూసి, ముప్పై ఏళ్లల్ల నా పేరు ఒక్క గోడకన్నా ఏసినవారా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మూడు వారాలకు ఎగ్జిబిషన్ అయిపోయింది. మిగిలిన డబ్బులు తీసుకుందామని వెళ్లాను. బొమ్మలు బట్టల్లో చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. పత్తి కుప్ప ఉన్న గదిలో ఇప్పుడు గింజ పత్తి ఉంది, మచ్చలు పడ్డది, ఎవరో గోనెలోకి ఎత్తుతున్నారు. మొదటి గోడ దగ్గర ఒక కుర్రాడు రోలర్‌తో తెల్లరంగు కొడుతున్నాడు. ఒక కోటు అయింది, పేరు గులాబీరంగులో లోపలినుంచి కనబడుతోంది. నేను చూస్తుండగానే రెండో కోటు కొట్టాడు. రంగు కప్పేసింది. ఇది సున్నం కాదు, ఎన్ని వానలు పడ్డా తేలదు. పైగా ఇక్కడ వాన పడదు.

కానీ చేతిరాతకు అంచు ఉంటుంది. బ్రష్షు తిరిగినచోట రంగు కాస్త మందంగా నిలబడుతుంది. పైన ఎన్ని కోట్లు వేసినా ఆ గట్టు అట్లాగే ఉంటుంది, ముందే ఎమరీ కాగితంతో రుద్దేస్తే తప్ప. ఎదురుగా నిలబడితే తెలియదు. పక్కనుంచి లైటు పడితే తెల్ల గోడ మీద తెల్ల అక్షరాలు, ఒత్తులతో సహా.

“అన్నా, జర చూడు, ఏమన్న కనవడుతున్నదా?” అని అడిగాడు ఆ కుర్రాడు.

నేను ఎదురుగా వెళ్లి నిలబడి చూశాను.

“ఏం కనవడుతలేదు తమ్మీ” అన్నాను. ఎమరీ కాగితం సంగతి చెప్పలేదు. ఆఫీసు గదిలోకి వెళ్లి డబ్బులు లెక్కపెట్టుకుని, సంతకం పెట్టి వచ్చేశాను.